కొత్త ఆట ముందు అందరం ఒకటే

(సమాఖ్య వార్షికోత్సవంలో కుటుంబ సదస్సున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఉపన్యాసం చెప్పే అలవాటు లేదు. మేము చదివింది ఎనిమిదో తరగతి, అదీ మరాఠీ బడిలో. తెలుగు రాత మా బాపు పక్కన కూర్చుండి నూలు పద్దు రాసుకుంట నేర్చుకున్నది. చేనేత సొసైటీలో గుమాస్తాగా చేరి, ఇరవై ఏండ్లకు పైగా కార్యదర్శి పని చేస్తున్నాము. మైకు ముందుకు వస్తే నూలు ధర, కూలి, రావలసిన బకాయి, ఇవే మా నోటికి వస్తయి. ఈసారి సదస్సు పెద్దలు కుటుంబం గురించి మాట్లాడుమన్నరు. మేము నాలుగు రోజులు ఆలోచించి, ఇంట్లో కూర్చుండి ఆడే ఆటల గురించి మాట్లాడుతామని చెప్పినము. అది విని ఒకరు "ఈ వయసుల ఆటలేందయ్యా" అని నవ్వినరు. నవ్వితే నవ్వనీయండి. మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్తాము. మీ ఇంటికి పనికొస్తే తీసుకోండి.

ముందుగా ఒక పాత మాట. మన ఇండ్లల్లో "రండి, కుటుంబమంతా కలిసి కూర్చుందాం" అని ఎవరన్నా ఎప్పుడన్నా అన్నరా? అనే అవసరమే లేకుండె. ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. బాపు గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే, అవ్వ రాట్నం మీద కండెలు చుట్టేది. ఆ కండెలు అందించేది మేము. పడుగు అయిపోతే కొత్త పడుగును పాతదానికి పోగుకు పోగు అతకాలె. దానికి ఇద్దరు కూర్చోవాలె. ఆసు పోసేందుకు చెల్లె, గంజి పెట్టి పడుగు సాపు చేసేటప్పుడు తెల్లారుజామున గల్లీ గల్లంత. పని మనల్ని కూర్చోబెట్టింది. చేతులు పని చేస్తుంటే నోర్లు ఊకుంటయా? ఎవరి పిల్లకు సంబంధం వచ్చింది, ఎవరు బాకీ ఎగ్గొట్టిండు, మా తాత నైజాం రాజ్యం నుంచి ఎట్ల నడిచి వచ్చిండు, అన్నీ అక్కడ్నే విన్నాము. తిట్లు గూడ అక్కడ్నే తిన్నాము. అంతా తెలుగులోనే.

గడప దాటితే మరాఠీ, బజారుకు పోతే హిందీ. నాలుగు తరాలు సోలాపూర్‌లో ఉండి తెలుగు మన నోట్లో మిగిలిందంటే అది బడి వల్ల కాదు, పుస్తకం వల్ల అంతకన్నా కాదు. మగ్గం చుట్టూ కూర్చున్నందుకు మిగిలింది. కాంచీపురం వాళ్లు, బరంపురం వాళ్లు తమ ఇండ్లను యాది చేసుకుంటే అక్కడా ఇదే కనిపిస్తుందని మా నమ్మకం.

పని లేని పూట ఆటలుండేవి. షాబాదు బండ మీద సుద్దతో గడులు గీసి, గవ్వలు గలగలలాడించి అష్టాచెమ్మా. పాత గుడ్డ మీద దారంతో గడులు కుట్టి పచ్చీసు. పులి మేక, ఓమనగుంటలు. ఆ పచ్చీసునే తెల్లవాళ్లు తీసుకపోయి 1896లో ఇంగ్లండులో లూడో అని పేటెంటు చేయించుకున్నరు. తర్వాత దాన్నే మనం అట్ట మీద అచ్చువేసి పిల్లలకు కొనిస్తిమి. మన సొమ్ము మనకే అమ్మినట్టు.

ఇగ ఇప్పటి సంగతి. మా కొడుకు చదువుకొని పుణెలో కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నడు. మంచిదే. మగ్గం మీద వాని నడుము విరగొద్దని చదివించింది మేమే. కాని మా మోకాళ్లు గుంటలోకి దిగనియ్యకుండ అయినంక మగ్గం ఆరేండ్లు ఖాళీగా నిలబడ్డది. ముందు గదిలో సగం అదే. కొడుకు వచ్చినప్పుడల్లా "దీన్ని తీసేద్దామా" అనేవాడు. మేము "మేము పోయినంక తీయి" అనేది. అంతే, ఇద్దరి నోర్లు మూతబడేవి. మనవరాలికి పదమూడేండ్లు, మనవడికి పది. సెలవులకు హుతాత్మ రైలెక్కి వస్తరు. ఆ మూలకొకరు, ఈ మూలకొకరు ఫోను పట్టుకొని కూర్చుంటరు. మేము "తిన్నవా బిడ్డా" అంటే "హో ఆజోబా" అంటరు. మేము అడిగేది తెలుగులో, వాళ్లు చెప్పేది మరాఠీలో. రోజంతా మా మధ్య నడిచే మాట అంతే.

నిరుడు రాఖీ పున్నమకు వచ్చినరు. ఆనాడు మా ఊరిలో మార్కండేయ రథోత్సవం అని మీకందరికీ తెలుసు. రథం చూసి ఇంటికి వచ్చినము, వాన పట్టింది, కరెంటు పోయి వచ్చి పోయి వచ్చి, ఫోన్ల ఛార్జింగు అయిపోయింది. అప్పుడు మనవరాలు సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసింది. "తాతా, ఆడుదామా?" అని అడిగింది. తాతా అన్నది, ఆజోబా అనలేదు. ఏదో పని ఉంటేనే తాతా అంటదని మాకు తెలుసు. అయినా కూర్చున్నాము.

ఆ ఆట పేరు ఫర్బిడెన్ ఐలాండ్. మ్యాట్ లీకాక్ అనే ఆయన తయారు చేస్తే 2010లో అమెరికాలో వచ్చిందట. మా ఇంట్లో మేము మునిగే దీవి అంటాము. ఆట ఏందంటే, ఇరవై నాలుగు పలకలు పరిస్తే ఒక దీవి అయితది. ఆ దీవిలో నాలుగు నిధులు దాచి ఉన్నయి. దీవేమో మునుగుతుంటది. ఒక్కొక్కరి వంతుకు మూడు పనులు చేయవచ్చు: నడవవచ్చు, తడిసిన పలకను ఆరబెట్టవచ్చు, పక్కవానికి మన పత్తా ఇవ్వవచ్చు, ఒకే రకం పత్తాలు నాలుగు జమ అయితే ఆ నిధి ఉన్న చోట నిలబడి దాన్ని తీసుకోవచ్చు. వంతు అయినంక నీళ్ల పత్తాలు తీయాలె. ఏ పలక పేరు వస్తే అది తడుస్తది. తడిసిన దాని పేరు మళ్లీ వస్తే ఆ పలక మునిగి పోతది, ఇగ రాదు. నాలుగు నిధులు తీసుకొని, అందరూ హెలికాప్టరు దిగే పలక మీదికి చేరి, హెలికాప్టరు పత్తా వేసి బయటపడితే గెలిచినట్టు. ఒక్కడు మిగిలిపోయినా ఓడినట్టే.

ఇక్కడ మా చెవి నిక్కబొడుచుకున్నది. గెలిస్తే అందరూ గెలుస్తరు, ఓడితే అందరూ ఓడుతరు. ఇది సహకార సంఘం గదా! పిల్లలకు మనం కొనిచ్చే వ్యాపార్ ఆటలో ఒకడు ఊరంతా కొని మిగతా వాళ్లను దివాలా తీయిస్తడు. చివరికి ఏడుపే. ఇది అట్ల కాదు. సహకారం అంటే మాకు చెప్పాల్నా, సొసైటీని ఇన్నేండ్లు నడిపినవాళ్లం, అనుకున్నాము.

మేము, కొడుకు, మనవరాలు, మనవడు నలుగురం కూర్చున్నాము. కోడలు వంటింట్లో ఉన్నది. మా ఇంటామె చాట ఒళ్లో పెట్టుకొని, గోడకు ఒరిగి బీడీలు చేస్తున్నది.

నాలుగు వంతులు తిరగక ముందే ఆట మా చేతిలోకి వచ్చింది. "నువ్వు ఇటు నడువు. నీ పత్తా వానికియ్యి. నువ్వు ఊకో, నాకు తెలుసు." మనవడు ఏదో చేయబోతే చెయ్యి పట్టుకొని ఆపినము. రెండు నిధులు దొరికినయి. మా సంబరం చెప్పనలవి కాదు. అప్పుడు కొడుకు వంతులో నీళ్లు లేచే పత్తా వచ్చింది. ఆ పత్తా వస్తే, అంతదాకా తీసిపారేసిన నీళ్ల పత్తాలన్నీ కలిపి మళ్లీ కట్ట మీద పెట్టాలె. అంటే ఇంతకుముందు తడిసినవే మళ్లీ వస్తయి. ఆ లెక్క మాకు తట్టలేదు. గోడకు ఒరిగిన మా ఇంటామె అన్నది: "ఆ ఇమానం దిగే ముక్క ఇందాకనే తడిసింది గద. దాని పత్తా ఆ కట్టల్నే ఉన్నది. ముందు దాన్ని ఆరబెట్టుండ్రి."

ఆమెకు ఆట నియమాలు ఎవరూ చెప్పలేదు. చదువు రాదు. కాని రోజుకు ఏడెనిమిది వందల బీడీలు చేసి, పాతికె కట్టలు లెక్క తప్పకుండ కట్టే మనిషి. కూర్చున్న చోటు నుంచే ఏ బొమ్మ వచ్చింది, ఏది పోయింది లెక్క పెట్టుకుంటున్నది. మనవడు గూడ ఆ పలక దిక్కే పోతానన్నడు. మేమేమన్నాము? "నీకేం తెలుసే, ఊకో" అని ఆమెను, "నిధి తీసుకురా ముందు" అని వాణ్ణి అన్నాము. వాడు నిధి కోసం పోయిండు. వంతు అయినంక నీళ్ల పత్తాలు తీస్తే, రెండోదే హెలికాప్టరు పలక. అది మునిగింది. ఆట అయిపోయింది.

ఎవరూ ఏమీ అనలేదు కొంచెంసేపు. మనవడు ముఖం చిన్నగ చేసుకొని పలకలు ఏరుతున్నడు. మనవరాలు అన్నది, వచ్చీరాని తెలుగులో: "తాతా, మేం ఎక్కడ ఆడినం? మా నలుగురిదీ నువ్వే ఆడినవ్." కొడుకు నవ్వుకుంట, "సొసైటీ మీటింగు గూడ గిట్లనే నడుస్తది గద బాపూ" అన్నడు.

నవ్వుకుంటనే అన్నడు. కాని ముల్లు దిగినట్టయింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సొసైటీ మీటింగులో మేము ఎజెండా చదువుతాము, మేమే వివరం చెప్తాము, మేమే "అందరికీ సమ్మతమేనా" అని అడిగి, మేమే "సమ్మతమే" అని రాసుకుంటాము. ఇంట్లో గూడ అంతే. మగ్గం ఉంచాల్నా తీయాల్నా అని ఆరేండ్లలో కొడుకు చెప్పేది చివరిదాకా విన్నది లేదు. ఇంటామెను అసలు అడిగిందే లేదు.

తెల్లారి మేమే డబ్బా తీసినము. "నిన్న తప్పు మాదే. ఇయ్యాల ఒక కట్టుబాటు పెట్టుకుందాం. ఎవరి వంతు వాళ్లది. అడిగితేనే సలహా చెప్పాలె. ఆఖరు మాట వంతు ఉన్నవాళ్లదే" అన్నాము. ఇంటామెను మా చోట్లో కూర్చోబెట్టినము. ఆమె పత్తాల మీది బొమ్మలు చూసి ఆడింది, రాత అవసరం పడితే మనవడు చదివి చెప్పిండు. మేము పక్కన కూర్చుండి నాలుక కరచుకొని చూసినము. అది ఎంత కష్టమో కార్యదర్శులైన వాళ్లకు తెలుస్తది! ఆ రోజు గూడ ఓడినరు. మూడోనాడు గెలిచినరు. ఆఖరి వంతులో హెలికాప్టరు పత్తా ఇంటామె చేతిలోనే ఉండె. ఆమె ఆ పత్తాను కింద కొట్టిన చప్పుడుకు, పిల్లల కేకలకు పక్కింటాయన ఏమైందో అని పరుగెత్తుకొని వచ్చిండు.

ఇప్పుడు అసలు మాట చెప్తాము. పాత ఆటలు ఉండంగ కొత్తవి ఎందుకని మీరడుగుతరు. అష్టాచెమ్మాలో పెద్దవాళ్లకు అన్నీ తెలుసు, పిల్లలకు నేర్పుతరు, పిల్లలు ఓడుతరు. ఫోను ఆటలో పిల్లలకు అన్నీ తెలుసు, పెద్దవాళ్లకు వేలు ఎక్కడ పెట్టాలెనో తెలువదు. రెండిట్లోనూ ఒకరు పైన, ఒకరు కింద. కొత్త ఆట డబ్బా విప్పినప్పుడు మాత్రం అరవై దాటినవాడు, పదేండ్లవాడు ఒకే గీత మీద నిలబడుతరు. ఎవరికీ ఏమీ తెలువదు. నియమం ఒకరు చదువుతే ఒకరు అర్థం చెప్పాలె, ఇంకొకరు "అట్ల కాదు, ఇట్ల" అనాలె. మాట నడవాలె. మగ్గం చేసిన పని అదే గదా. ఒక పనిని మధ్యన పెట్టి నలుగురిని చుట్టూ కూర్చోబెట్టింది. మగ్గం పోయింది, పని పోయింది, ఆ చుట్టూ కూర్చోవడం పోవద్దు. పాత ఆటలు వదలమని అనడం లేదు. మా ఇంట్లో కొత్త ఆట అలవాటైనంక పిల్లలే "మీ చిన్నప్పటి ఆట చూపించు" అని అడిగినరు. ఇప్పుడు షాబాదు బండ మీద అష్టాచెమ్మా గూడ నడుస్తున్నది.

తెలుగు సంగతి. ఆట మధ్యలో తెలుగే మాట్లాడాలె, మరాఠీ మాట వస్తే రూపాయి జరిమానా అని మొదట్లో పెట్టి చూసినము. మనవడు మాట్లాడుడే మానేసిండు. అది తప్పని తెలిసి రెండో రోజే ఎత్తేసినము. జరిమానాతో భాష రాదు. తర్వాత మనవరాలికి ఒక ఆలోచన వచ్చింది. దీవి పలకల మీద ఇంగ్లీషు పేర్లు ఉంటయి. వాటికి మన ఊరి పేర్లు పెడుదామన్నది. అటక మీది పాత జకార్డు అట్టలు దించి ఇరవై నాలుగు ముక్కలు కోసినము. సిద్ధేశ్వర గుడి, భుయికోట్ కోట, కంబర్ తలావు, సాఖర్ పేట, కన్నా చౌకు, అశోక్ చౌకు, మార్కండేయ గుడి, ఇట్ల ఒక్కొక్క పలకకు ఒక పేరు. హెలికాప్టరు పలకకు సోలాపూర్ స్టేషన్ అని మనవడే పెట్టిండు. మేము పలక మీద తెలుగు అక్షరం రాసి చూపిస్తే పిల్లలు చూసి రాసినరు. 'ద్ధే' రాయడానికి మనవడు అయిదు అట్టలు పాడుచేసిండు. పాడైతే కానీ. ఆ రోజు నుంచి వాడు మా గల్లీ దుకాణాల మీది తెలుగు బోర్డులు కూడబలుక్కొని చదువుతున్నడు.

దీపావళికి వచ్చినప్పుడు ఆడుతుంటే సాఖర్ పేట పలక మునగబోయింది. మా ఇల్లు ఆ పక్కనే. కొడుకు దాన్ని ఆరబెట్టి, ఆట ఆపి, ఉన్నట్టుండి అన్నడు: "చిన్నప్పుడు వానకు మగ్గం గుంటల నీళ్లు ఊరేటివి. మనిద్దరం డబ్బాలతో తోడినం. యాదికున్నదా బాపూ?" ఉన్నదని చెప్పినము. "నాకు మగ్గం మీద కోపం లేదు. అది ఊకె నిలబడి చెద పట్టుకుంట ఉంటే చూడలేక తీసేద్దామంటున్న. ఎవరన్న నేస్తే బాగుండు అని నా మనసుల ఉండె. చెప్పనిస్తివా?" అన్నడు.

ఆరేండ్ల నుంచి వాడు మగ్గాన్ని కట్టెలకు అమ్ముతడని మేమనుకుంటున్నాము. వాడు అనుకున్నది వేరే. మేము వినలేదు కాబట్టి మాకు తెలువలేదు. ఆ తర్వాత నెలలో మగ్గం విప్పి సొసైటీ షెడ్డుకు తీసుకపోయినము. చెద తిన్న ఒక దూలం మార్చినము. ఇప్పుడు దాని మీద ఒక సభ్యుని భార్య నేస్తున్నది. విప్పిన రోజు మేము బాగా ఏడ్చినము, దాచుడెందుకు. గుంట పూడ్చి బండ వేసినము. ఇప్పుడు మేము చాప పరిచి ఆడేది ఆ బండ మీదనే.

ఇంకో రెండు ఆటలు చెప్తాము, కొనేవాళ్లకు పనికొస్తది. ఒకటి కటాన్. జర్మనీ దేశపు క్లౌస్ టాయ్‌బర్ తయారు చేసింది, 1995లో వచ్చింది. కట్టె, ఇటుక, ఉన్ని, ధాన్యం, ఖనిజం, ఈ అయిదు సరుకులు సంపాదించి, ఒకరితో ఒకరు మార్చుకొని, ఊర్లు, బాటలు కట్టాలె. ముందు పది పాయింట్లు తెచ్చుకున్నవాళ్లు గెలిచినట్టు. ఇది పోటీ ఆటనే. కాని బేరం లేకుండ నడవదు, బేరం మాట లేకుండ నడవదు. మా కోడలు దీనిలో గట్టిది. "మామయ్యా, ఒక ఉన్నికి రెండు ఇటుకలు, కావాల్నా వద్దా" అని నూలు వ్యాపారి లెక్క నిలదీస్తది. పెండ్లయి పదిహేనేండ్లయినా ఆమె మా ముందు గొంతెత్తి మాట్లాడింది ఈ ఆటలోనే. కాని ఇది గంటకు పైగా పడుతది, చిన్న పిల్లలు విసుగుతరు.

రెండోది అజూల్. మిఖాయెల్ కీస్లింగ్ అనే ఆయనది, 2017లో వచ్చింది, మరుసటేడు జర్మనీలో ఆ సంవత్సరపు మేలైన ఆట బహుమతి దానికే ఇచ్చినరు. అయిదు రకాల బిళ్లలు. ఒకే రంగువి ఏరుకొని వరుసలు నింపి, గోడ మీద డిజైను కట్టాలె. వరుసకు ఎక్కువైన బిళ్లలు కింద పడితే పాయింట్లు కోస్తరు. మన భాషలో వేస్టేజి! పత్తాలు లేవు, చదివే పని లేదు. అక్షరం రాని అమ్మలు, అవ్వలు ఉన్న ఇంటికి దీన్ని మించింది లేదు. రంగు, అంచు, వరుస మన ఆడవాళ్లకు ఎవరు నేర్పాలె? మా ఇంటామెను దీనిలో ఇంతవరకు ఎవరూ ఓడగొట్టలేదు.

మొదలుపెట్టేవాళ్లకు మా అనుభవం నాలుగు ముక్కల్లో చెప్తాము. మొదటి ఆట గెలుపు కోసం ఆడొద్దు, పత్తాలు తెరిచి పెట్టి నేర్చుకునేందుకు ఆడాలె. అరగంటలో, ముప్పావుగంటలో అయిపోయే ఆట తీసుకోవాలె. నియమాలు ఒకరు ముందే చదివి పెట్టుకోవాలె, అందరి ముందు కాయితం పట్టుకొని చదువుతే పిల్లలు లేచిపోతరు. పెద్దవాళ్లు తమ వంతు వచ్చినప్పుడే మాట్లాడాలె, ఇది అన్నిటికన్నా కష్టం. పందెం మాత్రం పైసది గూడ వద్దు. పేకాటలో మగ్గం, ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు మన గల్లీల్లో ఎన్నున్నయో మనకు తెలుసు. డబ్బు వస్తే అది ఆట కాదు.

ఈ డబ్బాలు అగ్గువ కాదు. నేత కూలితో బతికే ఇంటివాళ్లు కొనలేరు, కొనమని చెప్పం. అందుకే మా సొసైటీ బీరువాలో మూడు ఆటలు పెట్టినము. డబ్బు సొసైటీది కాదు, మా కొడుకు, ఇంకో ఇద్దరు సభ్యుల పిల్లలు కలిసి ఇచ్చినరు. శనివారం తీసుకపోయి సోమవారం తేవాలె. కండెల రిజిస్టరు లెక్క ఒక రిజిస్టరు పెట్టినము, పలకలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటాము. ఇంతదాకా పోయింది ఒకటే బిళ్ల, అదీ ఎవరి పిల్లగాడో నోట్లో పెట్టుకున్నదే, మళ్లీ దొరికింది. మీ మీ ఊర్లలో సంఘం ఆఫీసులో, సమాజ మందిరంలో ఇట్ల పెట్టవచ్చని మా మనవి.

ఆఖరుగా సొసైటీ మీటింగు సంగతి చెప్పి ముగిస్తాము. 2019-20 చేనేత గణనలో మన దేశంలో 35 లక్షలకు పైగా చేనేత పనివాళ్లు లెక్కకు వచ్చినరు. అందులో నూటికి డెబ్బైకి పైగా ఆడవాళ్లే. మన సొసైటీల సభ్యత్వ పుస్తకం తెరిచి చూడండి, ఎవరి పేర్లున్నయో. కండెలు చుట్టేది, పడుగు అతికేది, ఇప్పుడు నేసేది గూడ వాళ్లు. గోడకు ఒరిగి అన్నీ లెక్క పెట్టుకుంటున్నది వాళ్లు. "నీకేం తెలుసే, ఊకో" అనేది మనము. మా సొసైటీలో ఈ సంవత్సరం నుంచి కండెలు చుట్టే అక్కచెల్లెళ్లను మీటింగుకు పిలుస్తున్నాము. కార్యదర్శి ఆఖరున మాట్లాడాలెనని మేమే మాకు కట్టుబాటు పెట్టుకున్నాము. మొదటి మీటింగులోనే ఒకామె లేచి, కండెలకు ఇచ్చే నూలు తూకంలో తేడా ఎక్కడ వస్తున్నదో చూపించింది. రెండేండ్ల నుంచి మేము వెతుకుతున్న తేడా అది. ఆమెకు మొదటి నుంచి తెలుసట. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "మీరు అడగలేదు గద" అన్నది.

ఒక రేకు డబ్బా, ఇరవై నాలుగు పలకలు మాకు ఇంత నేర్పినయి. అరవై దాటినంక నేర్చుకోవడం సిగ్గేమీ కాదు. ఈ పండుగకు పిల్లలు వచ్చినప్పుడు ఏదో ఒక ఆట మధ్యన పెట్టుకొని కూర్చోండి. మీకు తెలువని ఆట అయితే మరీ మంచిది.

 ఇగ మా వంతు అయిపోయింది. తర్వాతి వాళ్లు మాట్లాడాలె.